సీ లైబ్రరీకి ఇచ్చిన కాల్‌బ్యాక్ కాసేపటికే చచ్చిపోతోంది: జీసీహ్యాండిల్ ఎక్కడ వాడాలి, పిన్ ఎక్కడ చేయాలి?

గేటుకాడి_కోడర్ (మియాపూర్)

నమస్తే అందరికీ. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బండి నంబర్ ప్లేటు చదివే సర్వీసు ఇది. చిన్న ఉబుంటు డబ్బా, డాట్‌నెట్ 8, సీ షార్ప్. కెమెరాతో వచ్చిన లైబ్రరీ మాత్రం సీలో ఉంది. మనకు కావలసినవి అందులో మూడే ఫంక్షన్లు: తెరవడం, కాల్‌బ్యాక్ (ఫ్రేము రాగానే లైబ్రరీ పిలవాల్సిన మన ఫంక్షన్) రిజిస్టర్ చేయడం, మూయడం. రిజిస్టర్ చేసేటప్పుడు ఫంక్షన్ పాయింటర్‌తో పాటు ఒక వాయిడ్ పాయింటర్ కూడా తీసుకుంటుంది. ఫ్రేము వచ్చిన ప్రతిసారీ దాన్ని అలాగే మనకు తిరిగిస్తుంది. కాల్‌బ్యాక్ వచ్చేది లైబ్రరీ సొంత థ్రెడ్ మీద.

స్టార్ట్ అనే మెథడ్‌లో ఒక లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) రాసి రిజిస్టర్‌కి ఇచ్చాను. ల్యాప్‌టాప్‌లో పరీక్ష ప్రోగ్రామ్ గంటలు నడిచినా ఏమీ కాలేదు. గేటు దగ్గర పెట్టాక మొదలైంది గొడవ. మధ్యాహ్నం గంట దాటినా బాగానే ఉంటుంది, సాయంత్రం ఏడింటికి బండ్లు వరుసకట్టే వేళ పది నిమిషాలకే ప్రాసెస్ పడిపోతుంది. జీసీ (వాడుకలో లేని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్) ఎత్తేసిన డెలిగేట్ (ఫంక్షన్‌ని పట్టుకుని ఉండే ఆబ్జెక్ట్) మీదికి కాల్‌బ్యాక్ వచ్చిందని లాగ్‌లో చివరి మాట. ఒక్కోసారి ఆ మాట కూడా ఉండదు, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంతే.

కెమెరా క్లాసు ఆబ్జెక్ట్‌ని పిన్ చేద్దామని, అంటే మెమరీలో కదలకుండా కట్టేద్దామని, జీసీహ్యాండిల్.అలాక్‌కి పిన్డ్ రకం ఇచ్చి చూశా. ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ కొట్టింది, బ్లిటబుల్ (సీ వైపూ డాట్‌నెట్ వైపూ బైట్లు ఒకేలా ఉండే) కాని డేటా ఉందని.

లైబ్రరీ ఆ పాయింటర్‌ని పట్టుకునే ఉంది కదా, జీసీకి ఎందుకు తెలియదు? ఏ రకం హ్యాండిల్ తీసుకోవాలి, ఎప్పుడు వదలాలి? ఇంకోటి, 1920×1080 ఆర్‌జీబీ ఫ్రేము నింపడానికి నాలుగు బఫర్లు ముందే ఇవ్వాలి. లైబ్రరీ తీరిగ్గా వాటిలో రాస్తుంది. వాటి సంగతేంటి?

థంక్_మాస్టర్

ముందు సాయంత్రం ఏడింటి సంగతి చూద్దాం, మీ బగ్ మొత్తం అందులోనే ఉంది. బండి వచ్చినప్పుడల్లా మీ కోడ్ ప్లేటు స్ట్రింగు, లాగ్ లైను, క్యూలో ఒక ఆబ్జెక్టు తయారు చేస్తుంది. అవి జెన్ 0 (కొత్త ఆబ్జెక్టులు పుట్టే భాగం) కోటా నింపుతాయి, నిండగానే జీసీ నడుస్తుంది. మధ్యాహ్నం బండ్లు లేవు, అలకేషన్లు లేవు, జీసీ రాదు. డెలిగేట్ అప్పటికే దిక్కులేనిదై ఉంటుంది, ఎత్తుకుపోయేవాడు ఇంకా రాలేదంతే.

దిక్కులేనిది ఎందుకయిందంటే, జీసీ వెతికే చోట్లు లెక్కగా ఉంటాయి: మేనేజ్డ్ (డాట్‌నెట్ నడిపే) థ్రెడ్ల స్టాకులు, సీపీయూ రిజిస్టర్లు, స్టాటిక్ ఫీల్డులు, ఫైనలైజర్ (ఆబ్జెక్ట్ పోయే ముందు నడిచే మెథడ్) క్యూ, జీసీహ్యాండిల్స్ నమోదయ్యే హ్యాండిల్ టేబుల్. సీ లైబ్రరీ తన మాలాక్ మెమరీలో దాచుకున్న అడ్రసు ఈ జాబితాలో ఎక్కడా లేదు. జీసీ కంటికి అక్కడున్నవి ఎనిమిది బైట్లు, వాటికి ఏ అర్థమూ లేదు. పీఇన్‌వోక్‌కి (డాట్‌నెట్ నుంచి సీ ఫంక్షన్‌ని పిలిచే దారి) డెలిగేట్‌ని ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే ఆ కాల్ జరుగుతున్నంతసేపే రన్‌టైమ్ దాన్ని కాపాడుతుంది. రిజిస్టర్ ఫంక్షన్ పేరు రాసుకుని వెంటనే తిరిగొచ్చేస్తుంది. అక్కడితో రన్‌టైమ్ బాధ్యత తీరిపోయింది.

ల్యాప్‌టాప్‌లో ఎందుకు పడలేదు? పరీక్ష ప్రోగ్రామ్‌లో రిజిస్టర్ చేయడం, ఆగడం, మూయడం అన్నీ ఒకే మెథడ్‌లో రాసి ఉంటారు. డీబగ్ బిల్డ్‌లో లోకల్ వేరియబుల్ మెథడ్ ముగిసేదాకా బతికి ఉంటుంది. రిలీజ్‌లో ఆప్టిమైజ్ అయ్యాక చివరి వాడకంతోనే దాని ఆయుష్షు తీరుతుంది. కానీ రిలీజ్‌లో కూడా జిట్ (నడిచేటప్పుడు మెషీన్ కోడ్ తయారుచేసే కంపైలర్) మొదటి దశలో ఆప్టిమైజ్ చేయని కోడే ఇస్తుంది. అందుకే "రిలీజ్‌లో కూడా చూశా, బాగానే ఉంది" అన్నది సాక్ష్యంగా చెల్లదు.

ఇంకో చిన్న మెలిక. లాంబ్డా లోపల ఏ బయటి వేరియబులూ, దిస్ కూడా, వాడకపోతే కంపైలర్ ఆ డెలిగేట్‌ని ఒక స్టాటిక్ ఫీల్డులో దాచి పదేపదే అదే వాడుతుంది. అది ఎప్పటికీ చావదు. లోపల దిస్‌కి చెందిన ఒక్క మెంబర్‌ని ముట్టుకుంటే చాలు, కొత్త డెలిగేట్ పుడుతుంది, దాన్ని ఎవరూ పట్టుకోరు. లాగ్ రాసే ఒక్క లైను చేర్చాక క్రాష్ మొదలైందని జనం జుట్టు పీక్కునేది ఇందుకే.

డెలిగేట్‌ని పిన్ చేయాల్సిన పని లేదు. లైబ్రరీకి వెళ్లే ఫంక్షన్ పాయింటర్ డెలిగేట్ అడ్రసు కాదు. రన్‌టైమ్ జీసీ హీప్ (ఆబ్జెక్టులు ఉండే మెమరీ) బయట తయారుచేసిన చిన్న కోడ్ ముక్క అది, థంక్ అంటాం. డెలిగేట్ హీప్‌లో అటూ ఇటూ జరిగినా థంక్ కదలదు. డెలిగేట్ చస్తే మాత్రం థంక్ కూడా పోతుంది. పోయిన థంకులను రన్‌టైమ్ కొంతసేపు విడిగా ఉంచుతుంది, ఆ గడువులో కాల్ వస్తే మీరు చూసిన సందేశం వస్తుంది. ఆ చోటు మళ్లీ వాడుకలోకి వెళ్లాక వస్తే ఏమైనా కావచ్చు. మీ సెగ్మెంటేషన్ ఫాల్ట్ అదే.

కనీస మందు: డెలిగేట్‌ని ఫీల్డులో పెట్టండి. కానీ ఆ ఫీల్డున్న ఆబ్జెక్ట్‌ని ఎవరు పట్టుకున్నారో కూడా చూసుకోండి. డెలిగేట్ ఆబ్జెక్ట్‌ని, ఆబ్జెక్ట్ డెలిగేట్‌ని పట్టుకుని కూర్చుంటే జీసీకి ఇద్దరూ చెత్తే.

రూట్_ఎక్కడ (గచ్చిబౌలి)

థంక్_మాస్టర్ చెప్పింది నిజమే, కానీ కొత్తగా రాసే కోడ్‌లో డెలిగేటే వద్దంటాను. మీ లైబ్రరీ వాయిడ్ పాయింటర్ ఇస్తోంది కదా, ఆ సౌకర్యం అందుకే ఉంది.

కాల్‌బ్యాక్‌ని స్టాటిక్ మెథడ్‌గా రాసి, పైన అన్‌మేనేజ్డ్‌కాలర్స్‌ఓన్లీ ఆట్రిబ్యూట్ పెట్టండి, కాలింగ్ కన్వెన్షన్ (ఆర్గ్యుమెంట్లు అందించే పద్ధతి) సీడెకల్ అని చెప్పండి. డాట్‌నెట్ 5, సీ షార్ప్ 9 నుంచి ఉంది. ప్రాజెక్టు ఫైల్లో అన్‌సేఫ్ కోడ్‌కి అనుమతి ఇవ్వాలి. మెథడ్ పేరు ముందు ఆంపర్‌సాండ్ పెడితే ఫంక్షన్ పాయింటర్ వస్తుంది. ఇక్కడ డెలిగేట్ ఆబ్జెక్టే లేదు కాబట్టి చచ్చేదీ లేదు. ఆర్గ్యుమెంట్లు బ్లిటబుల్ అయి ఉండాలి: ఇంట్, ఎన్‌ఇంట్ (పాయింటర్ సైజు సంఖ్య), బైట్ పాయింటర్ సరే, స్ట్రింగ్, బూల్ కుదరవు.

ఇక మీ ఆబ్జెక్ట్. జీసీహ్యాండిల్.అలాక్‌కి ఆబ్జెక్ట్ ఇస్తే మామూలుగా వచ్చేది నార్మల్ రకం. మీకు కావలసింది అదే. టు‌ఇంట్‌పీటీఆర్‌తో దాన్ని పాయింటర్ సైజు సంఖ్యగా మార్చి వాయిడ్ పాయింటర్ స్థానంలో ఇవ్వండి. కాల్‌బ్యాక్‌లో ఫ్రమ్‌ఇంట్‌పీటీఆర్, దాని టార్గెట్, మీ క్లాసుకు క్యాస్ట్. స్టేషన్ క్లోక్‌రూమ్ రసీదు లాంటిదన్నమాట. లోపల సంచీని ఏ అరలోకి మార్చినా మీ రసీదు నంబరు మారదు, రసీదు చెల్లినంతకాలం సంచీని పారేయరు. లైబ్రరీకి సంచీ విప్పి చూసే పని లేదు, నంబరు తిరిగిస్తే చాలు. అందుకే పిన్ అక్కర్లేదు. పిన్ అంటే సంచీని అరకు గొలుసుతో కట్టేయడం. ఆబ్జెక్ట్ లోపలి బైట్లను నేటివ్ కోడ్ నేరుగా ముట్టుకునేటప్పుడే ఆ అవసరం. మీ క్లాసులో రిఫరెన్స్ ఫీల్డులు ఉన్నాయి కాబట్టే పిన్డ్ రకానికి ఎక్సెప్షన్ వచ్చింది. ఒక రకంగా మంచిదే, తప్పు దారిలో వెళ్లనివ్వలేదు.

కాల్‌బ్యాక్ బాడీ మొత్తాన్ని ట్రై క్యాచ్‌లో పెట్టండి, ఏ ఎక్సెప్షనూ సీ ఫ్రేముల మీదుగా బయటికి పోకూడదు. పోతే ప్రాసెస్ చస్తుంది, లైనక్స్‌లో దానికి మినహాయింపు లేదు. పట్టుకుని లాగ్ చేసి, ఎర్రర్ కోడ్ తిరిగివ్వండి.

ఒక్కటి మరవద్దు. నార్మల్ హ్యాండిల్ ఉన్నంతకాలం ఆబ్జెక్ట్ చావదు, దాని ఫైనలైజరూ నడవదు. "ఫైనలైజర్‌లో ఫ్రీ చేస్తాలే" అని రాస్తే అది ఎప్పటికీ రాని రోజు. డిస్పోజ్ (వాడకం అయ్యాక మనమే పిలిచే ముగింపు మెథడ్) రాసి, దాన్ని పిలిచే బాధ్యత ఎవరిదో తేల్చుకోండి.

చెత్తబండి

అలాక్ జేసుడు చిన్న పిల్లగాడైనా జేస్తడు, అసలు పరేషాన్ అంతా ఫ్రీ కాడనే. పైన ఎవ్వలూ చెప్పలే, అందుకే రాస్తున్న.

వరుస గిది: ముందుగాల లైబ్రరీ దగ్గర కాల్‌బ్యాక్ తీసెయ్యాలె. నడుస్తున్న కాల్‌బ్యాక్ అయిపోయేదాక ఆగాలె. గప్పుడు ఫ్రీ. మధ్యల మెట్టు మస్తు మంది ఎగ్గొడ్తరు. లైబ్రరీ మూసే ఫంక్షన్ "ఇంక కాల్‌బ్యాక్ రాదు" అని మాటిచ్చినంక తిరిగొస్తదా, లేకుంటే జెండా ఎగరేసి ఉరికొస్తదా? డాక్యుమెంట్‌ల రాసిలేకపోతే మాటియ్యనట్టే అనుకో.

ఫ్రీ అయినంక హ్యాండిల్ టేబుల్‌ల ఆ గడి ఖాళీగ ఉండదు అన్నా, ఇంకో ఆబ్జెక్ట్‌కు ఇస్తరు. గప్పుడు లేటుగ వచ్చిన కాల్‌బ్యాక్ పాత నంబర్ వట్టుకొస్తే టార్గెట్ దగ్గర వేరేటోని ఆబ్జెక్ట్ దొరుకుతది. క్యాస్ట్ ఫెయిలైతే నసీబు మంచిది. అదే క్లాస్‌ది ఇంకో కెమెరా అయితే? మొదటి గేటు ఫ్రేము రెండో గేటు ఖాతాల పడ్తది, క్రాష్ కూడ ఉండదు, ఎవ్వనికి తెల్వది.

లైబ్రరీ మీద నమ్మకం లేకుంటే హ్యాండిల్ ఇయ్యనే ఇయ్యకు. ఒక లాంగ్ కౌంటర్ పెట్టు, ప్రతి కెమెరాకు కొత్త నంబర్, ఒకసారి వాడింది మల్ల వాడొద్దు. స్టాటిక్ కాంకరెంట్ డిక్షనరీల నంబర్‌కు ఆబ్జెక్ట్ పెట్టు. వాయిడ్ పాయింటర్ జాగల ఆ నంబర్‌నే పంపు. 64 బిట్ ప్రాసెస్‌ల సక్కగ సరిపోతది. కాల్‌బ్యాక్‌ల వెతుకు, దొరక్కపోతే ఊకె రిటర్న్ గొట్టు. సెకనుకు 25 ఫ్రేములకు ఒక డిక్షనరీ వెతుకుడు ఏం బరువు? నేనైతే ఎప్పటికి గిదే వాడ్త.

ఇంకో మాట: మూసే ఫంక్షన్‌ను కాల్‌బ్యాక్ లోపల్నుంచి పిలవకు. అది కాల్‌బ్యాక్ అయిపోవాల్నని చూస్తది, కాల్‌బ్యాక్ దానికోసం చూస్తది. ఇద్దరు ఎదురెదురుగ కూసుంటరు.

థంక్_మాస్టర్

నంబర్ల డిక్షనరీకి నా ఓటు కూడా. జీసీహ్యాండిల్ తప్పదనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: అది స్ట్రక్ట్. దాని ఫ్రీ మెథడ్ తన లోపలి విలువను సున్నా చేసుకుంటుంది, రెండోసారి పిలిస్తే ఇన్‌వాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ ఇస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ ఫీల్డుకి రీడ్‌ఓన్లీ అని రాశారనుకోండి, కంపైలర్ చాటుగా ఒక కాపీ తీసి దాని మీద ఫ్రీ పిలుస్తుంది. అసలు ఫీల్డు పాత విలువతో అలాగే ఉంటుంది. డిస్పోజ్ రెండుసార్లు నడిస్తే, రెండోసారి మీరు వదిలేది అదే గడిలోకి కొత్తగా వచ్చిన ఇంకొకరి హ్యాండిల్‌ని. కోడ్ చదివితే ఎక్కడా తప్పు కనిపించదు. కాబట్టి రీడ్‌ఓన్లీ తీసేయండి. రెండు థ్రెడ్లు డిస్పోజ్ పిలిచే అవకాశం ఉంటే, హ్యాండిల్‌ని ఎన్‌ఇంట్‌గా దాచి ఇంటర్‌లాక్డ్.ఎక్స్‌ఛేంజ్‌తో సున్నా పెట్టి, పాత విలువ సున్నా కాకపోతేనే ఫ్రీ చేయండి.

రూట్_ఎక్కడ (గచ్చిబౌలి)

బఫర్ల ప్రశ్న మిగిలిపోయింది. 1920 × 1080 × 3 అంటే ఒక్కోటి 62,20,800 బైట్లు, నాలుగు కలిపి 2,48,83,200. దాదాపు 25 ఎంబీ.

ఫిక్స్‌డ్ బ్లాక్ ఇక్కడ పనికిరాదు. బ్లాకు దాటగానే పిన్ ఊడిపోతుంది, మీ లైబ్రరీ రాసేది తర్వాతెప్పుడో. 85,000 బైట్లు, ఆపైన ఉన్న అరేలు లార్జ్ ఆబ్జెక్ట్ హీప్‌లోకి వెళ్తాయి, దాన్ని మామూలుగా కాంపాక్ట్ చేయరు (ఆబ్జెక్టులను జరిపి సర్దరు) కాబట్టి పిన్ చేయకుండా అడ్రసు ఇచ్చినా చాలాకాలం నడిచిపోతుంది. నడిచిపోతుందనే అలవాటు పడతారు. కంటైనర్‌లో మెమరీ పరిమితి పెట్టి నడిపితే అదే హీప్‌ని రన్‌టైమ్ కాంపాక్ట్ చేయగలదు. అప్పుడు లైబ్రరీ పాత అడ్రసులో, అంటే ఇంకెవరో ఉంటున్న ఇంట్లో, ఆరు మెగాబైట్లు కుమ్మరిస్తుంది.

డాట్‌నెట్ 5 నుంచి జీసీ.అలకేట్‌అరేకి పిన్డ్ ట్రూ అని ఇస్తే అరే పిన్డ్ ఆబ్జెక్ట్ హీప్‌లో పుడుతుంది, ఎప్పటికీ కదలదు, వేరే హ్యాండిల్ అక్కర్లేదు. కదలదు అన్నానే గానీ చావదు అనలేదు. ఫీల్డులో పట్టుకోకపోతే దాన్నీ ఎత్తేస్తారు.

మీ పరిస్థితిలో నేను అరే కూడా తీసుకోను. నేటివ్‌మెమరీ.అలాక్‌తో, డాట్‌నెట్ 6 నుంచి ఉంది, నాలుగు బఫర్లు బయటే తీసుకుని, చదివేటప్పుడు మీద స్పాన్ (మెమరీ ముక్కని అరేలా చూపించేది) వేసుకోండి. జీసీకి సంబంధమే ఉండదు. చెత్తబండి చెప్పిన నంబరు తెలివి మాత్రం బఫర్లకు పనికిరాదు. లైబ్రరీ వాటిలో నేరుగా రాస్తుంది, మధ్యలో మన కోడ్ ఉండదు. మూశాక రాయదని హామీ లేకపోతే బఫర్లను వదలకండి, ఆ నాలుగింటినే ప్రాసెస్ ఉన్నంతకాలం తిప్పి తిప్పి వాడండి. 25 ఎంబీ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

గేటుకాడి_కోడర్ (మియాపూర్)

అందరికీ థ్యాంక్స్. స్టాటిక్ మెథడ్, నంబర్ల డిక్షనరీ, నేటివ్ బఫర్లు, మూడూ పెట్టా. ఇంకో రెండు సందేహాలు. సరిగ్గా అయిందని సాయంత్రం ఏడింటిదాకా ఆగకుండా తేల్చుకోవడం ఎలా? వాచ్‌మన్ ఫోనులో ఆండ్రాయిడ్ యాప్ కూడా ఇదే లైబ్రరీ మీద రాయాలి, జావా వైపు ఇదే కథేనా?

థంక్_మాస్టర్

పరీక్ష బిల్డ్‌లో ప్రతి ఫ్రేముకీ జీసీ.కలెక్ట్, వెయిట్‌ఫర్‌పెండింగ్‌ఫైనలైజర్స్, మళ్లీ జీసీ.కలెక్ట్ పిలవండి, కాల్‌బ్యాక్ థ్రెడ్ మీద కాకుండా వేరే థ్రెడ్ నుంచి. మీ పాత కోడ్ దీని కింద మొదటి నిమిషం కూడా నిలవదు, ముందు దాన్నే నడిపి పడుతుందో లేదో చూడండి. పాతది పడకపోతే పరీక్షే తప్పు.

లీకు కూడా చూడాలి. వేరే మెథడ్‌లో, నోఇన్‌లైనింగ్ ఆట్రిబ్యూట్ పెట్టి, కెమెరా ఆబ్జెక్ట్ తయారుచేసి, తెరిచి, డిస్పోజ్ చేసి, దాని వీక్ రిఫరెన్స్ (ఆబ్జెక్ట్‌ని చూపిస్తుంది గానీ బతికించదు) మాత్రం తిరిగివ్వండి. బయట రెండుసార్లు కలెక్ట్ చేశాక ఆ రిఫరెన్స్ ఇంకా బతికే ఉంటే ఎవరో పట్టుకున్నారు. డిక్షనరీలోంచి తీయడం మరచిపోయి ఉంటారు, పదింటిలో తొమ్మిది సార్లు అదే. వేరే మెథడ్ ఎందుకంటే, అదే మెథడ్‌లో ఉంటే లోకల్ వేరియబులే దాన్ని బతికించవచ్చు.

నడుస్తున్న సర్వీసులో అయితే డాట్‌నెట్ డంప్‌తో డంప్ తీసి, జీసీహ్యాండిల్స్ కమాండ్‌తో రకాలవారీ లెక్క చూడండి. ఏ ఆబ్జెక్ట్ మీద అనుమానమో దాని అడ్రసుకు జీసీరూట్ కొడితే ఏ దారిలో బతికి ఉందో చూపిస్తుంది, స్ట్రాంగ్ హ్యాండిల్ అని మొదట్లోనే ఉంటే దొంగ దొరికినట్టే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కెమెరాకి మళ్లీ కనెక్ట్ అవుతారు కదా, ఆ దారిలో రిజిస్ట్రేషన్ రెండోసారి జరుగుతోందేమో ప్రత్యేకంగా చూడండి.

ఎన్డీకే_నానీ (కూకట్‌పల్లి)

ఆండ్రాయిడ్ ప్రశ్న నాకు వదిలేయండి. కథ అదే, పేర్లు వేరు, గుంతలు ఇంకా ఎక్కువ.

జేఎన్‌ఐ (జావాకీ సీకీ మధ్య వంతెన) ఫంక్షన్‌కి వచ్చే జాబ్జెక్ట్, అంటే జావా ఆబ్జెక్ట్‌ని చూపేది, లోకల్ రిఫరెన్స్. ఆ ఫంక్షన్ జావాలోకి తిరిగి వెళ్లగానే చెల్లదు. దాన్ని అలాగే స్ట్రక్ట్‌లో దాచి తర్వాత వాడితే మీ పాత డెలిగేట్ కథే. న్యూగ్లోబల్‌రెఫ్‌తో గ్లోబల్ చేసి దాచండి, పని అయ్యాక డిలీట్‌గ్లోబల్‌రెఫ్. ఆర్ట్‌లో (ఆండ్రాయిడ్ రన్‌టైమ్) గ్లోబల్ రిఫరెన్సుల టేబుల్ పరిమితి 51,200. డిలీట్ మరిస్తే ఒకరోజు టేబుల్ నిండిందని యాప్ కూలుతుంది.

జేఎన్‌ఐఎన్వ్ పాయింటర్‌ని దాచుకోకండి, అది థ్రెడ్‌కు ఒకటి. జేఎన్‌ఐ_ఆన్‌లోడ్‌లో వచ్చే జావావీఎం పాయింటర్‌ని దాచండి. డాట్‌నెట్‌లో తెలియని థ్రెడ్ వస్తే రన్‌టైమ్ తనే చేర్చుకుంటుంది. ఇక్కడ మీరే అటాచ్‌కరెంట్‌థ్రెడ్ పిలవాలి, థ్రెడ్ ముగిసేలోపు డిటాచ్ చేయాలి. చేయకపోతే ఆండ్రాయిడ్ యాప్‌ని ఆపేస్తుంది. లైబ్రరీ థ్రెడ్ ఎప్పుడు ముగుస్తుందో మనకు తెలియదు కాబట్టి పీథ్రెడ్_కీ_క్రియేట్ పెట్టి దాని డిస్ట్రక్టర్‌లో డిటాచ్ చేయడం మంచి పద్ధతి. ఫ్రేముకోసారి అటాచ్, డిటాచ్ చేయకండి, ఊరికే బరువు.

అలా అటాచ్ అయిన థ్రెడ్ మీద లోకల్ రిఫరెన్సులు వాటంతటవి పోవు, ఎందుకంటే అది ఎప్పుడూ జావాలోకి "తిరిగి" వెళ్లదు. ప్రతి ఫ్రేముకీ తయారుచేసిన జేస్ట్రింగ్‌ని డిలీట్‌లోకల్‌రెఫ్ చేయండి, లేదా పుష్‌లోకల్‌ఫ్రేమ్, పాప్‌లోకల్‌ఫ్రేమ్ మధ్య పని చేయండి. అదే థ్రెడ్ మీద ఫైండ్‌క్లాస్ మీ యాప్ క్లాసుని కనుక్కోలేదు, సిస్టమ్ క్లాస్ లోడర్‌లో వెతుకుతుంది. ఆన్‌లోడ్‌లోనే వెతికి, జేక్లాస్‌ని గ్లోబల్ చేసి పెట్టుకోండి. జేమెథడ్ఐడీ రిఫరెన్స్ కాదు, అలాగే దాచుకోవచ్చు.

రెండు రిఫరెన్సులు ఒకే ఆబ్జెక్ట్‌వా అని ఈక్వల్ ఈక్వల్ పెట్టి పోల్చకండి, ఈజ్‌సేమ్‌ఆబ్జెక్ట్ ఉంది. జావా మెథడ్ పిలిచిన ప్రతిసారీ ఎక్సెప్షన్‌చెక్ చేసి, ఉంటే క్లియర్ చేయండి. ఎక్సెప్షన్ పెండింగ్‌లో ఉండగా చాలా జేఎన్‌ఐ కాల్స్ చేయడం తప్పు. చెక్‌జేఎన్‌ఐ (జేఎన్‌ఐ తప్పులు పట్టే తనిఖీ) ఎమ్యులేటర్‌లో తనంతట తానే ఆన్‌లో ఉంటుంది, ముందు అక్కడే నడపండి. ఇందులో సగం తప్పులు మొదటి ఐదు నిమిషాల్లోనే పేరు పెట్టి చెబుతుంది.

గేటుకాడి_కోడర్ (మియాపూర్)

పాత కోడ్ మీద కలెక్ట్ పరీక్ష నడిపా, నాలుగో ఫ్రేముకే పడింది. కొత్తది రెండు గంటలు నిలిచింది. కానీ వీక్ రిఫరెన్స్ పరీక్షలో ఆబ్జెక్ట్ బతికే ఉంది. చూస్తే రీకనెక్ట్ అయినప్పుడల్లా కొత్త నంబరు తీసుకుంటున్నా, డిస్పోజ్‌లో చివరి నంబరు ఒక్కటే డిక్షనరీలోంచి తీస్తున్నా.

చెత్తబండి

చూసినవా మరి, ఫ్రీ కాడనే దొరికినవ్. రీకనెక్ట్‌ల ముందుగాల పాత నంబర్ తీసెయ్, అటెన్కనే కొత్తది తీసుకో. పాతది తియ్యంగనే లేటుగ వచ్చే ఫ్రేములు కూడ వాటంతటవే పడిపోతయి.